బల్లి పలికిన నరకం

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉండేవి, నరకం ఒక్కటే లేదు. ఉండాలని ఎవరికీ తోచలేదు. తినేవాళ్ళు తినేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు పరిగెత్తేవాళ్ళు. పోయినవాడు ఎక్కడికి పోయాడని అడిగితే "చిరుత కడుపులోకి" అనేవాళ్ళు. అంతకు మించి పైలోకాల సంగతి వాళ్ళకి తెలీదు.

ఆ అడవిలో చెంగమ్మ అనే కుందేలు ఉండేది. నెల కిందట దాని కొడుకు బుజ్జోణ్ణి మచ్చలప్ప తినేశాడు. మచ్చలప్ప అంటే అల్లాటప్పా చిరుత కాదు, సాక్షాత్తూ అడవి సభకి అధ్యక్షుడు. ఆ రోజు చెంగమ్మ తన కూతురు చిన్నిని నోట కరుచుకుని ఇటు దూకింది, బుజ్జోడు అటు దూకాడు. బాగానే పరిగెత్తాడు పాపం, వాగు దాకా పరిగెత్తాడు. అంతే.

అప్పట్నుంచీ చెంగమ్మకి లేత గరిక కూడా చేదే. బిడ్డ పోయిన బాధ ఒకెత్తు, వారం తిరక్కుండానే ఆ మచ్చలప్ప సభలో బండరాయెక్కి చిన్న ప్రాణుల సంక్షేమం గురించి గంటసేపు మాట్లాడ్డం ఒకెత్తు. అది విని తనూ చప్పట్లు కొట్టాల్సి రావడం ఇంకొకెత్తు.

"వాడికేం కాదా మామా?" అని పొరుగున ఉండే ఏదుపంది ఎర్రప్పని అడిగింది. ఒళ్ళంతా ముళ్ళే గనక ఎర్రప్పకి ఎవరన్నా భయం లేదు, నోటికి అదుపూ లేదు.

"ఏమవుతుందే? మహా అయితే అరగదు," అన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వెదురు కోసం వచ్చిన లారీలోంచి ఒక బల్లి దిగింది. ఊళ్ళో పురాణం చెప్పే మంటపంలో, ట్యూబులైటు వెనక పన్నెండేళ్ళు కాపురం చేసిన బల్లి అది. పురుగులతో పాటు పురాణాన్నీ మింగింది. ఒంటబట్టినవి పురుగులే అనుకోండి, అది వేరే సంగతి.

ఎవరైనా ఓ మాట అన్నాక బల్లి పలికితే ఆ మాట సత్యమని కదా మన నమ్మకం! ఈ బల్లి ఇంకో అడుగు ముందుకేసింది. మాట తనే అనేది, వెంటనే "ట్చ్ ట్చ్ ట్చ్" అని తనే పలికేది. వినేవాళ్ళు కాలితో నేల మీద మూడుసార్లు తట్టి "సత్యం" అనాలి. నాలుగు రోజులు తిరిగేసరికి అడవంతా ఆ బల్లిని సత్యంగారు అనడం మొదలుపెట్టింది.

"మీరంతా ఛస్తారు," అన్నారు సత్యంగారు మొదటి రోజు. ఇది తెలిసిందే గనక ఎవరూ ఉలిక్కిపడలేదు.

"చచ్చాకే అసలు సంగతి మొదలవుతుంది," అన్నారు. అప్పుడు అందరూ దగ్గరికి జరిగారు.

నరకం, యమభటులు, నిలువెత్తు గంగాళం, అందులో సలసలా కాగే నూనె. నూనె అంటే ఏమిటని ఓ దుప్పి అడిగింది. "అది నీకనవసరం, కాగుతుందని తెలిస్తే చాలు," అన్నారు సత్యంగారు. సాటి ప్రాణిని చంపి తిన్నవాణ్ణి వెయ్యేళ్ళు అందులో వేయిస్తారట. ట్చ్ ట్చ్ ట్చ్.

"సత్యం!" అంది సభ.

"పసిపిల్లల్ని తిన్నవాణ్ణో స్వామీ?" అంది చెంగమ్మ.

"రెండువేలేళ్ళు. మధ్యలో తిరగేస్తారు."

ఆ పూట చెంగమ్మ కడుపునిండా గరిక మేసి, గుర్రుపెట్టి పడుకుంది. మధ్యలో తిరగేస్తారట! ఆ ఒక్క మాట తల్చుకుంటే చాలు, ప్రాణం లేచొచ్చేది. నరకమంటే భయమని ఎవరన్నారో గానీ, బుజ్జోడు పోయాక ఆమెతో అంత చల్లని మాట ఎవరూ అనలేదు. అడవిలో దుప్పులదీ, లేళ్ళదీ, అడవికోళ్ళదీ అదే వరస. మచ్చలప్ప ఎదురుపడితే పొదల్లోకి తప్పుకుని, "కాగుతోంది, కాగుతోంది" అని గుసగుసలాడుకుని నవ్వుకునేవాళ్ళు.

దిగులు పట్టుకుంది మచ్చలప్పకే. వాగులో సుడి తిరిగితే గంగాళంలా కనిపించేది. వేటకి కాలెత్తితే వీపు చుర్రుమనేది. డొక్కలు లోపలికి పోయాయి. చివరికి సత్యంగార్ని తన గుహకి పిలిపించాడు.

"ఏమయ్యా, నీ నరకం మూలంగా నా ఆరోగ్యం చెడిపోయింది," అన్నాడు.

"నాది కాదండయ్యా, పురాణంలోది."

"పురాణంలో సవరణలుండవా?" అంటూ మచ్చలప్ప పంజా తీసి ఆయన తోక మీద పెట్టాడు.

తోక పుటుక్కున ఊడి గిలగిలా కొట్టుకుంది. సత్యంగారు దాన్ని చూసి, ఇక ఊడ్డానికి మిగిలింది తలేనని గ్రహించారు.

"ఎందుకుండవండీ, బోలెడు!" అన్నారు.

మర్నాడు పొద్దున్నే సభ పెట్టి కొత్త పురాణం విప్పారు. తినడం పాపం కాదు, అది ఆకలి. ఆకలిగొన్న పెద్దల్ని పరిగెత్తించి ఆయాసపెట్టడమే పాపం. ముందు పరిగెత్తేవాడు పాపి, వెనక పరిగెత్తేవాడు పుణ్యాత్ముడు. పాపికి నరకం. తిన్నవాడికీ, కదలకుండా నిలబడి తినిపించుకున్నవాడికీ స్వర్గం. ట్చ్ ట్చ్ ట్చ్.

నేల తట్టడం కాస్త ఆలస్యమైంది గానీ, తట్టారు. మచ్చలప్ప బండ మీద కూర్చుని ఒక్కొక్కరి కాళ్ళకేసీ చూస్తున్నాడు మరి.

"ఇంకొకటి," అన్నాడు మచ్చలప్ప లేచి. "ఇకమీదట ఒకసారి బల్లి పలికాక ఆ మాట మార్చడానికి ఎవరికీ హక్కు లేదు, నాతో సహా. ఇది తీర్మానం." తనకొచ్చిన స్వర్గాన్ని రేపెవడైనా సవరిస్తాడేమోనని ఆయన భయం.

ఆ వారంలోనే మూడు కుందేళ్ళు చెవులు మడుచుకుని, కళ్ళు మూసుకుని, దణ్ణం పెట్టి నిలబడ్డాయి. మచ్చలప్ప కూర్చున్నచోటే భోంచేశాడు.

చెంగమ్మ నెత్తిన మాత్రం పిడుగు పడింది. బుజ్జోడు పరిగెత్తాడు. వాగు దాకా పరిగెత్తాడు. అంటే వాడిప్పుడు ఆ గంగాళంలో ఉన్నాడన్నమాట. నిన్నటిదాకా ఆ నూనెలో మచ్చలప్పని అటూ ఇటూ తిరగేసుకుంటూ హాయిగా పడుకున్న తల్లికి, కళ్ళు మూస్తే కన్నకొడుకు కనిపిస్తుంటే నిద్రెక్కణ్ణుంచి వస్తుంది?

"పరిగెత్తడం నేర్పింది నేనే మామా," అని ఎర్రప్ప దగ్గర బావురుమంది. "నా చేతులారా నా బిడ్డని నూనెలో వేశాను."

"నోర్ముయ్యవే. నువ్వు నేర్పకపోతే వాడు కళ్ళు తెరిచిన రోజే పోయేవాడు."

"మరి చిన్నికేం చెప్పను? పరిగెత్తమంటే నరకం. నిలబడమంటే..."

ఎర్రప్ప అంతటివాడికి కూడా ఎగతాళి తట్టలేదు. "ఆ సత్యంగార్నే అడుగు," అన్నాడు చివరికి. "ఊళ్ళోంచి మోసుకొచ్చింది ఆయనే కదా. పద, నేనూ వస్తా."

సభ నిండుగా ఉంది. చెంగమ్మ చిన్నిని పక్కన పెట్టుకుని లేచి నిలబడింది.

"స్వామీ, మా బుజ్జోడు నరకంలోనే ఉన్నాడా?"

"పరిగెత్తాడు కదమ్మా. ఉన్నాడు." ట్చ్ ట్చ్ ట్చ్.

"ఒక్కడే ఉన్నాడా? పక్కన ఎవరైనా ఉన్నారా? వాడికి ఒంటరిగా ఉండాలంటే భయం."

పన్నెండేళ్ళ పురాణంలో ఈ ప్రశ్న ఎవరూ అడగ్గా సత్యంగారు వినలేదు. "ఒక్కడే ఎందుకుంటాడు తల్లీ? ముత్తాతల కాణ్ణుంచీ పరిగెత్తిన కుందేళ్ళన్నీ అక్కడే కదా. లేళ్ళు, దుప్పులు, అందరూ."

"మా అమ్మ?"

"ఉంది."

"మా ఆయన?"

"ఆయన గాలిలా పరిగెత్తేవాడని విన్నాను. ఉన్నాడు."

చెంగమ్మ గొంతు తగ్గించింది. "మరి చిరుతలు?"

"ఛ ఛ! నరకంలో చిరుతలెందుకుంటాయమ్మా? అవి పుణ్యాత్ములు. అన్నీ స్వర్గంలోనే," అన్నారు సత్యంగారు మచ్చలప్ప వైపు వినయంగా చూస్తూ.

చెంగమ్మ చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. "అంటే నరకంలో ఒక్క చిరుత కూడా లేదు."

ట్చ్ ట్చ్ ట్చ్.

సత్యంగారు కావాలని పలకలేదు. పన్నెండేళ్ళ అలవాటు, మాట వినపడితే చాలు, గొంతు దానంతటదే ఆడేస్తుంది. ఆయన నోరు మూసుకునేలోపే సభంతా నేలని దడదడలాడించేసింది.

"సత్యం! సత్యం! సత్యం!"

"మొన్న దణ్ణం పెట్టి నిలబడ్డ ఆ ముగ్గురూ ఎక్కడున్నారయ్యా?" అన్నాడు ఎర్రప్ప.

"స్వర్గంలో."

"చిరుతలతోనా?"

"చిరుతలతోనే," అన్నారు సత్యంగారు నీళ్ళు నములుతూ.

"అక్కడ చిరుతలేం తింటాయి?"

ఆ ముగ్గురి చుట్టాలు అప్పటికే గుండెలు బాదుకుంటున్నారు.

"అంతా బానే ఉంది గానీ, మరి నూనె?" అంది మొదట్లో నూనె అంటే ఏమిటని అడిగిన దుప్పి.

"కాగనీ అక్కా," అంది చెంగమ్మ. ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ ఒకేసారి. "గంగాళం ఎంత లోతైతే మాత్రం, బయటికి దూకడం మనకొకరు నేర్పాలా? ఇక్కడ మాత్రం కాగని రోజేది? అక్కడ కనీసం వెనక ఎవరూ ఉండరు."

ఆ రోజు తర్వాత అడవిలో నిలబడ్డ ప్రాణి లేదు. అందరికీ పరుగంటే ఎక్కడ లేని భక్తి పుట్టుకొచ్చింది. మచ్చలప్ప మీసం కనబడితే చాలు, "నరకానికి, నరకానికి!" అని కేకలేసుకుంటూ దూసుకుపోయేవాళ్ళు. ఆయన మళ్ళీ చిక్కి సగమయ్యాడు. ఆకలి ఒక పక్క, కొత్త దిగులు ఒక పక్క. స్వర్గంలో ఎటు చూసినా చిరుతలే, అందరి మధ్యా మూడే మూడు కుందేళ్ళు.

"అక్కడ అమృతం ఉంటుందండయ్యా," అని సత్యంగారు ఓదార్చారు.

"అమృతానికి కాళ్ళుంటాయా?"

"ఉండవండి."

"మరి వెంటాడేదెలాగయ్యా? నావల్ల కాదు. నన్నూ నరకంలోకే తోసెయ్. ఎలాగోలా సవరించు, నీకు పుణ్యముంటుంది."

"పలికాక మార్చకూడదన్నది తమరి తీర్మానమే కదండీ," అన్నారు సత్యంగారు, అప్పుడప్పుడే మొలుస్తున్న తోకని జాగ్రత్తగా వెనక్కి లాక్కుంటూ.

ఆ వేళ వాగు ఒడ్డున చెంగమ్మ చిన్నికి మలుపులు నేర్పుతోంది. కుడికి వెళ్తున్నట్టు కనిపించి ఎడమకి దూకాలి, ఆగకూడదు, వెనక్కి చూడకూడదు.

"అమ్మా, నరకంలో అన్న కనిపిస్తాడా?"

"కనిపించకేం? నీకోసమే కాచుక్కూర్చుని ఉంటాడు."

చిన్ని రెండు మలుపులు తిరిగి, ఆయాసపడి గడ్డిలో చతికిలబడింది. "ఇక నావల్ల కాదమ్మా. పరిగెత్తకపోతే ఏమవుతుంది?"

"స్వర్గానికి పోతావ్, జాగ్రత్త!" అంది చెంగమ్మ.

చిన్ని ఎగిరి గెంతి పరుగందుకుంది.

నీతి: స్వర్గానికి ఎవరెవరు వెళ్తున్నారో కనుక్కుంటే చాలు, నరకమంటే భయం దానంతటదే పోతుంది.