అరవై ఒక్క మణుగుల లోటు

ఆ మంగళవారం పొద్దున్న యెహెజ్కేలు పెట్టుకున్న పని చాలా చిన్నది. మూడు నెలల లెక్క కూడి కింద గీత గీయాలి. మధ్యాహ్నం వీరమ్మ వండే ఎండు నెత్తళ్ళు, వంకాయ కూరతో అన్నం తినాలి. చల్లబడ్డాక పడవెక్కి నిడదవోలులో ఉన్న తల్లి సువార్తమ్మను చూసి రావాలి. పాపం, గీత దాకా వెళ్ళాడు గాని కూర దాకా వెళ్ళలేకపోయాడు.

అప్పటికి గోదావరి మీద రైలు వంతెన ఇంకా పూర్తి కాలేదు. నరసాపురం వైపు సముద్రపు ఒడ్డు ఊళ్ళకి ఏది రావాలన్నా కాలవ మీదే రావాలి. ధాన్యం, పెళ్ళివారు, పాదిరిగారు, తపాలా సంచీ, అన్నిటికీ పడవే. లాకుల దగ్గర పడవ ఆగిందంటే ఆగిందే. ఎవరికీ తొందర ఉండేది కాదు. గట్టు మీద తాడు లాగేవాళ్ళ పాట వినపడగానే అది ఎవరి పడవో ఇంట్లో కూర్చునే చెప్పేవారు. ఆ పాటా పోయింది, చెప్పేవాళ్ళూ పోయారు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు అదోలా అయిపోతుంది.

ఆ కాలవ చివరి ఊళ్ళో లోవమ్మకి మూడు వ్యాపారాలు. రేవు దాటించే పడవ ఒకటి, ఉప్పూ చింతపండూ పొగాకూ అమ్మే కొట్టు ఒకటి, పచ్చి చేప కొని ఎండబెట్టి అమ్మే కళ్ళం ఒకటి. మొగుడు పోయిన దగ్గర్నించీ పడవ మరిది బుల్లియ్య చూసేవాడు. కళ్ళం వీరమ్మ చూసేది. వీరమ్మకి చుట్టరికం ఏమీ లేదు, ముప్పయ్యేళ్ళ నమ్మకం మాత్రం ఉంది. కొట్టు లోవమ్మే చూసుకునేది. లెక్క మటుకు మూడు కుండల్లో ఉండేది, రూపాయికి ఒక చింతగింజ చొప్పున. పోయిన వానాకాలం ముసురు పట్టి వారం రోజులు పడవ కదలకపోతే, బుల్లియ్య ఏమీ తోచక ఆ గింజలు వేయించుకుని తినేశాడు. ఏడాది లెక్క ఆ విధంగా అయిపోయింది. అప్పుడే లోవమ్మ పాదిరిగారి కాళ్ళావేళ్ళా పడి, రాజమండ్రి మిషను బడిలో లెక్కలు నేర్చిన యెహెజ్కేలును గుమస్తాగా తెప్పించుకుంది.

యెహెజ్కేలుకి ఇరవై రెండేళ్ళు. వచ్చీ రాగానే మూడు పుస్తకాలు కుట్టాడు. లోవమ్మకి కూడా రోజూ ఓ గంట పాఠం చెప్పేవాడు. పడవ ఏమీ కొనదు, ఏమీ అమ్మదు, బుల్లియ్య రెక్కల కష్టమే దాని సరుకు అన్నాడు. కొట్టు అలా కాదు, కొన్నదాన్నే అమ్ముతుంది, కాబట్టి వచ్చిన సరుకు పోయి అయినా ఉండాలి, మిగిలి అయినా ఉండాలి అన్నాడు. లోవమ్మ చటుక్కున అందుకునేది. పడవ చెక్క ఏటా కొంత అరుగుతుంది కదా, అది ఎక్కడ రాస్తారని ఎదురడిగి అతని చేతే నీళ్ళు నమిలించిన రోజులు కూడా ఉన్నాయి.

మూడో పుస్తకం దగ్గరే వచ్చింది చిక్కు. సరుకు తయారు చేసేవాళ్ళ లెక్క ఎలా రాయాలో అయ్యవారు బళ్ళో చెప్పిన రోజునే రాజమండ్రికి మొట్టమొదటి రైలు వచ్చింది. పిల్లలంతా స్టేషనుకి పరుగెత్తారు. అయ్యవారు పట్టుదల మనిషి, ఖాళీ బల్లలకే పాఠం చెప్పి ముగించేశారు. యెహెజ్కేలుకి ఇంజను పొగ గుర్తుంది గాని ఆ పాఠం రాదు. రాదని ఎవరితోనూ అనలేదు. కళ్ళం పుస్తకాన్ని కూడా కొట్టు పుస్తకం మాదిరిగానే రాసుకుంటూ పోయాడు. కళ్ళం వైపు వెళ్ళి చూసిందీ లేదు. చేప వాసన కంచంలో అయితే ఇష్టపడేవాడు గాని గాలిలో అయితే ఓర్చుకోలేకపోయేవాడు. పొద్దున్నే పచ్చి నెత్తళ్ళ గంపలు కొట్టు ముందు తూచి పంపేవారు, ఎండినవి మూటలు కట్టి తెచ్చి మళ్ళీ అక్కడే తూచి అమ్మేవారు. రెండు తూకాలూ చక్కని దస్తూరీతో రాశాడు, రెంటికీ నెత్తళ్ళు అనే పేరు పెట్టాడు.

మంగళవారం పొద్దున్న పడవ లెక్క సరిపోయింది. కొట్టు లెక్క అరవీశె ఉప్పుతో సహా సరిపోయింది. కళ్ళం పుస్తకంలో వచ్చినవి తొంభై మణుగులు, అమ్మినవి ఇరవై తొమ్మిది. కళ్ళంలో ఆ పూట ఒక్క చేప కూడా మిగిలి లేదు. అతను మూడుసార్లు కూడాడు, మూడుసార్లూ అరవై ఒక్క మణుగులే తేడా. ఎవరి పేరూ లేని పద్దు పుస్తకంలో ఉండకూడదని అయ్యవారు మరీమరీ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. కళ్ళం చూసే మనిషి వీరమ్మ. అందుకని, "లోటు అరవై ఒక్క మణుగులు, వీరమ్మ పేర" అని రాసి, ఇసక చల్లి సిరా ఆరబెట్టాడు.

"లోవమ్మగారూ, కళ్ళంలో అరవై ఒక్క మణుగుల నెత్తళ్ళు పోయాయండి" అన్నాడు మెల్లిగా.

లోవమ్మ చేతిలో చింతపండు ఉండ జారిపోయింది. చేప ఎండితే తూకం తగ్గుతుందని ఆ ఊళ్ళో ఎవరూ ఎవరికీ చెప్పరు. ఎండకు నీడ పడుతుందని ఎవరైనా చెబుతారా? అందుచేత ఆ తరుగంతా తీసేశాకే గుమస్తా ఈ మాట అంటున్నాడని ఆవిడ అనుకుంది. అరవై ఒక్క మణుగుల ఎండు చేప! అది మామూలు దొంగతనం కాదు, పెద్ద పడవ నిండా సరుకు. పుస్తకంలో అలాగే ఉందా అని అడిగింది. ఉందన్నాడు. ఎవరి పేర ఉందని అడిగింది. అతను నేల చూపులు చూస్తూ చెప్పాడు.

ఆ సమయానికి బుల్లియ్య చుట్ట కోసం కొట్టుకి వచ్చాడు. వచ్చినవాడు విని పడవెక్కాడు. అవతలి గట్టుకి చేరేసరికి అరవై ఒకటి నూట అరవై అయింది. తిరిగి వచ్చేసరికి దాన్ని మోసుకుపోయిన పడవ తెరచాప రంగు కూడా తెలిసిపోయింది. మధ్యాహ్నానికి గ్రామ మునసబు తలారిని వెంటబెట్టుకుని దిగాడు. ఆయన చేప ముట్టని మనిషి, చేపల సంగతి ఆయనకి బొత్తిగా తెలియదు. వీరమ్మ గుడిసె వెతికిస్తే ఉట్టి మీద గుప్పెడు నెత్తళ్ళు దొరికాయి. మిగతా సరుకు ఇసకలో పాతిపెట్టి ఉంటుందని గుడిసె చుట్టూ తవ్వించాడు. తుప్పు పట్టిన లంగరు ఒకటి బయటపడింది. మరుసటి రోజు కాలవ మీద పోయే పడవలు ఆపి గడ్డి మోపులు విప్పించాడు. రేవు పడవలో ఎక్కినవాళ్ళ బుట్టలు తలారి సోదా చేస్తూంటే జనం పడవెక్కడమే మానేశారు. కొట్టుకి రావలసినవాళ్ళు తవ్వకం చూడ్డానికి పోయారు. కళ్ళంలో ఆడవాళ్ళు వీరమ్మను రానిచ్చేదాకా చేప ముట్టమని కూర్చున్నారు. బుధవారం నాడు మూడు పుస్తకాల్లోనూ రాయడానికి ఏమీ లేకపోయింది.

ఆ సాయంత్రం వీరమ్మ కొట్టుకి వచ్చింది. అరవై దాటిన మనిషి, తిన్నగా నిలబడింది. లోవమ్మ వైపు చూడలేదు.

"బాబుగారూ, అందులో నా పేరుందంటన్నారు. నిజమేనాండి?"

యెహెజ్కేలు తల ఊపాడు.

"ఎక్కడుందో చూపించండి."

చూపించాడు. ఆవిడకి చదువు రాదు. ఆ గీతల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. మేము పోతాం, పుస్తకం ఉంటుంది కదండీ, రేపు నా మనవలు చదువుకుంటే ఇది చదువుతారు కదా అని మాత్రం అంది. యెహెజ్కేలు ఆ వేలి వైపే చూశాడు. మూడు నెలలుగా తన కంచంలో అన్నం పెట్టిన చెయ్యి అది. కానీ లెక్క లెక్కే కదా, మూడుసార్లు కూడాడు కదా.

అంతలో వీరమ్మే అందరి ఎదుటా ఒక మాట అడిగింది. రేపు పొద్దున్న మూడు మణుగుల పచ్చి నెత్తళ్ళు మునసబుగారి ముందు తూచి కళ్ళంలో పొయ్యండి, నేను ఆ దరిదాపులకి రాను, బాబుగారే ఎండబెట్టి, బాబుగారే కాపలా కాసి, మూడో నాడు బాబుగారే తూచండి, దొంగ ఎవరో తేలుతుంది అంది. మునసబుకి ఇది ఎంతో న్యాయంగా కనిపించింది. లోవమ్మ మటుకు వీరమ్మ మొహంలోకి ఒకసారి తేరిపార చూసింది.

ఆ మూడు రోజులూ యెహెజ్కేలు పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. గొడుగు ఒక చేత, కర్ర ఒక చేత, ముక్కుకి కర్పూరం కట్టిన చేతిరుమాలు. తెల్లారకముందు నించీ చీకటి పడేదాకా కాకుల్ని తోలాడు, పిల్లుల్ని తోలాడు, జాలిపడి మజ్జిగ తెచ్చిన లోవమ్మను కూడా దూరంగానే ఉండమన్నాడు. రాత్రి చేపల మీద తాటాకులు కప్పి వాటి పక్కనే పడుకున్నాడు. ఒక్క చేప కూడా ఎక్కడికీ పోలేదని బైబిలు మీద ప్రమాణం చేయగలడు. వీరమ్మ పెట్టే కూర లేక రెండు పూటలూ అటుకులే తిన్నాడు. మూడు రోజుల్లో అతనికి కూర విలువ తెలిసింది, మనిషి విలువ కూడా తెలిసింది.

శనివారం సాయంత్రం ఊరంతా కళ్ళం చుట్టూ చేరింది. యెహెజ్కేలు తన చేత్తోనే నెత్తళ్ళన్నీ ఎత్తి త్రాసులో వేశాడు. ఒక మణుగు తూగింది. మళ్ళీ తూచాడు. ఒక్క మణుగే.

"రెండు మణుగులు పోయాయండి" అన్నాడు. "నేను కన్ను ఆర్పలేదండి. ఎలా పోయాయో నాకు తెలీదండి."

మునసబు తలారి వైపు చూశాడు. తలారి యెహెజ్కేలు వైపు ఒక అడుగు వేశాడు. సరిగ్గా అప్పుడు లోవమ్మకి బుర్రలో దీపం వెలిగింది.

"గుమస్తాగారూ, మంగళారం మీరు నాతో చెప్పింది తరుగు పోను లోటేనాండి? లేక పచ్చి తూకంలోంచి ఎండు తూకం తీసేశారాండి?"

"పచ్చి దాంట్లోంచేనండి. వచ్చినంత పోవాలి గదండీ."

కళ్ళంలో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బుల్లియ్య ఇసకలో కూలబడి పొట్ట పట్టుకున్నాడు. మునసబు తనకి ముందే అనుమానంగా ఉందని చెప్పి, తలారిని తీసుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. పోయిన రెండు మణుగులూ ఆకాశంలోకి పోయాయని యెహెజ్కేలుకి అప్పటికి అర్థమైంది. రైలు చూడ్డానికి పోయిన రోజున తను పోగొట్టుకున్న పాఠం ఇదేనన్న సంగతీ అర్థమైంది. సిగ్గుతో తల నేలకి వాలిపోయింది.

అయినా ఆ కుర్రవాడిలో ఒక మంచి గుణం ఉంది, తప్పు చేస్తే దాచుకోడు. అందరూ చూస్తూండగా పుస్తకం తెప్పించాడు. వీరమ్మ పేరు మీద అడ్డంగా గీత కొట్టాడు. కలం ఆవిడ చేతికి ఇచ్చి, ఆ చెయ్యి పట్టి, ఇంకో గీత ఆవిడ చేత కూడా కొట్టించాడు. "నన్ను క్షమించమ్మా" అన్నాడు. కళ్ళనీళ్ళు తిరిగాయి. వీరమ్మ ఆ రెండు గీతలూ తడిమి చూసుకుని, అన్నం తిని ఎన్నాళ్ళయిందో మొహం చూడండి, ఇంటికి రండి అంది.

కథ అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కానీ లోవమ్మ మూడు నెలలుగా పాఠాలు నేర్చుకుంటున్న మనిషి. మూడుకి ఒకటి చొప్పున తొంభైకి ముప్పై రావాలి గదండీ, అమ్మినవి ఇరవై తొమ్మిదే, ఆ ఒక్క మణుగూ ఏమైనట్టు అని అడిగింది. యెహెజ్కేలు కంగారుపడి, గాలికి పోయిందని రాసేద్దామన్నాడు.

"అలా కుదరదండి. పేరు లేని పద్దు ఉండకూడదని మీరే చెప్పారు" అంది లోవమ్మ.

వీరమ్మ తల వంచుకుంది. బుల్లియ్య ఇసకలోంచి లేచాడు. మన గుమస్తాగారి అమ్మగారికి వీరమ్మ నెలనెలా నిడదవోలు పడవలో వేసిన మూటలు నేనే మోశానండి, మూడూ రెండేసి వీశెలకి తక్కువ లేవండి అన్నాడు. మరి రోజూ గుమస్తాగారి కూరలోకి వేసినవో అని లోవమ్మ అడిగింది. కూడితే మూడు నెలలకి రెండు వీశెలు తేలాయి. ఆరూ రెండూ ఎనిమిది వీశెలు, సరిగ్గా ఒక మణుగు.

"అన్నం పెట్టింది కూడా లెక్కేంటమ్మా" అంది వీరమ్మ గొణుగుతూ.

యెహెజ్కేలు వీరమ్మ పేరు కొట్టేసిన చోటనే, అదే చక్కని దస్తూరీతో, "లోటు ఒక మణుగు, యెహెజ్కేలు పేర" అని రాసి సిరా మీద ఇసక చల్లాడు. తర్వాత ఎన్నో ఏళ్ళకి అతను మిషను బడిలో అయ్యవారయ్యాడు. తను పోగొట్టుకున్న ఆ పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలందరి చేతుల్లో ఒక్కొక్క ఎండు నెత్తల్లి పెట్టేవాడట. ఆ వాసన తగిలినప్పుడల్లా కాసేపు కిటికీలోంచి గోదావరి వైపు చూస్తూ ఉండిపోయేవాడట.

ఆ సాయంత్రం మటుకు లోవమ్మ పుస్తకం మూసి చంకన పెట్టుకుంటూ, పోయినేడు నా లెక్క మరిది తిన్నాడు, ఈ ఏడు గుమస్తాగారు తిన్నారు, కనీసం ఈయన తిన్నదంతా రాసి ఇచ్చారు అంది.