మందు ఎవరికండీ?

ఆ ఉదయం మొహమాటరావు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఆఫీసుకి అరగంట ముందే బయలుదేరాలి. దారిలో మూలికల కొట్టు దగ్గర ఆగాలి. బిడ్డకి పాలిచ్చి పాలిచ్చి భార్య చనుమొనలు పగిలి పుండ్లు పడ్డాయని చెప్పి, ఏదైనా నాటుమందు అడిగి తీసుకోవాలి. ఇందులో ఆ చెప్పడం ఒక్కటి తప్ప మిగతావన్నీ అతను నిద్రలో కూడా చేయగలడు.

మొహమాటరావు అతని అసలు పేరు కాదు. పెళ్లయిన కొత్తలో ఒక హోటల్లో పక్కబల్ల వాళ్ల భోజనం పొరపాటున వీళ్ల ముందు పెట్టారు. ఇది మాది కాదు అని చెప్పలేక అతను దాన్ని పూర్తిగా తిని, చివర్లో బాగుందని కూడా చెప్పి వచ్చాడు. ఆ రోజు భార్య పెట్టిన పేరది. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో గుమాస్తా. ఎక్కడ లిఫ్టు ఆగినా ఫోను అతనికే వస్తుంది. తిట్లన్నీ వినయంగా విని మెకానిక్కుని పంపిస్తాడు. తను మాత్రం ఒకటో అంతస్తుకి కూడా లిఫ్టులోనే వెళ్తాడు. మెట్లెక్కడమంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమేనని అతని గట్టి అభిప్రాయం.

ఇంట్లో సంగతి మాత్రం నవ్వులాట కాదు. పాపకి ఇంకా నెల నిండలేదు. పాలిచ్చే వేళయిందంటే తల్లి తువ్వాలు అంచు పళ్లమధ్య బిగించుకుని కూర్చుంటుంది. పాప నోరు తగలగానే ఆమె కళ్లలో నీళ్లు గిర్రున తిరుగుతాయి. అతని తల్లి పైకి ఒక్క మాటా అనలేదు గానీ, పాలపొడి డబ్బా ఒకటి తెచ్చి వంటింట్లో అందరి కళ్లూ పడేచోట పెట్టింది. కోడలు ఆ డబ్బాని సవతిని చూసినట్టు చూస్తోంది.

"డబ్బాపాలు తాగి పెరిగిన పిల్లలు లేరా అంటే ఉన్నారు. కానీ నాకు ఇవ్వాలనుందండీ," అంది భార్య ఆ ఉదయం. "ఆదివారం దాకా ఓర్చుకుంటాను. అప్పటికీ తగ్గకపోతే ఆ డబ్బా మూత నేనే తీస్తాను. బిడ్డ నోట్లోకి వెళ్తుంది కాబట్టి ఘాటు మందులొద్దు. ఏ ఆకో, ఏ నూనో అడిగి పట్టుకురండి."

సాయంత్రానికల్లా తెస్తానని అతను చెయ్యి పట్టుకుని మరీ మాటిచ్చాడు. ఇస్తున్నప్పుడు నిజంగానే తెస్తాననుకున్నాడు పాపం.

కొట్టు నిండా జనం. తన వంతు వచ్చాక గొంతు తగ్గించి, పగుళ్లకి ఏమైనా ఉందా అని అడిగాడు.

"పాదాలకా?" అన్నాడు కొట్టతను.

"కొంచెం పైన."

"మోకాళ్లకా?"

"ఇంకా పైన."

"పెదాలకా?"

"అంత పైన కాదు."

వెనక ఎవరో దగ్గారు. మొహమాటరావు చెవులు వేడెక్కాయి. చొక్కా మీద జేబున్న వైపు ఒకసారి, జేబు లేని వైపు ఒకసారి వేలితో తట్టి చూపించాడు. కొట్టతనికి వెంటనే అర్థమైంది. అర్థమైంది కాబట్టే మామూలుగా అడిగాడు.

"ఎవరికండీ?"

సమాధానం చెప్పబోతూ వెనక్కి చూశాడు మొహమాటరావు. దగ్గిన మనిషి వేరెవరో కాదు, ఆఫీసులో అతని పై అధికారి మేనేజర్ మేడం. భార్య ఒంటి సంగతి మేడం ముందు ఏ నోటితో చెప్పడం? ఆ నోటికి తోచిన మాట అది చెప్పేసింది.

"నాకే."

మేడం మొహం వెలిగిపోయింది. ఆవిడకి రోజూ పొద్దున్నే మైళ్లకి మైళ్లు పరిగెత్తే పిచ్చి. ఆఫీసులో బస్సు కోసం కూడా పరిగెత్తే మనిషి లేడని ఆవిడకి తీరని దిగులు. ఎక్కువ దూరం పరిగెత్తే మగవాళ్లకి చెమట పట్టిన బనీను రాసుకుని సరిగ్గా అక్కడే పుండ్లు పడతాయి. ఆవిడ భర్తకి మొదటి పందెంలో అదే అయింది.

"మీరు పరిగెడతారా? ఒక్కరోజైనా చెప్పలేదేం?"

కాదని చెప్పడానికి అతనికి ఒక్క క్షణం దొరికింది. దాన్ని నవ్వడానికి వాడుకున్నాడు. ఇక ఆవిడ ఆగలేదు. ఆదివారం కంపెనీల మధ్య పది కిలోమీటర్ల పందెం ఉందనీ, తమ జట్టులో ఒకడు కాలు బెణికించుకుని కూర్చున్నాడనీ, దేవుడు అడక్కుండానే మనిషిని పంపాడనీ అంది. ఈ పుండ్లకి ఆకులూ నూనెలూ అక్కర్లేదు, పరిగెత్తే ముందు ప్లాస్టర్ అంటించుకుంటే చాలని వైద్యం కూడా చెప్పి, అతన్ని తన కారెక్కించుకుని ఆఫీసుకి తీసుకుపోయింది. కొట్టతను కట్టబోయిన పొట్లం కొట్లోనే ఉండిపోయింది.

సాయంత్రం మేడం స్వయంగా చేతిలో పెట్టిన ప్లాస్టర్ల పెట్టెతో ఇల్లు చేరాడు. భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవి అంటిస్తే పాప ఎక్కణ్ణించి తాగుతుందండీ?"

అతని తల్లి ఆ ప్లాస్టర్లు తీసుకెళ్లి స్నానాలగదిలో బకెట్టు పగులుకి అంటించింది.

మర్నాటి నుంచి తెల్లారకుండానే మేడంతో పార్కులో పరుగు. ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. పని ఉందని లేచిపోయేవాడు, చెమటతో తడిసి కుంటుకుంటూ వచ్చేవాడు. భార్య మాత్రం ఇంకోలా అర్థం చేసుకుంది. తన కోసం మనిషి కాళ్లరిగేలా ఊరంతా మందు వెతుకుతున్నాడని ఆమె నమ్మకం. అతను కాళ్లు చాపి మూలుగుతుంటే పక్కన కూర్చుని పాదాలు నొక్కేది. ఆడిన అబద్ధానికి ఇంత సేవ దొరుకుతుంటే సిగ్గుతో అతని ప్రాణం చచ్చిపోయేది.

ఆ సిగ్గు భరించలేకే శుక్రవారం పార్కు గట్టు మీదున్న కలబంద మట్ట ఒకటి విరిచి తెచ్చాడు. ఆమె దాన్ని చీరి గుజ్జు రాసుకుంది. చల్లగా హాయిగా ఉందంటే అతనూ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ హాయి పాపకి ఆకలయ్యే దాకానే. పాప ఒక్కసారి నోరు పెట్టి, మొహమంతా ముడిచి, తల తిప్పేసి ఏడుపు లంకించుకుంది. కలబంద చేదని పెద్దలెవరికీ గుర్తులేదు. మళ్లీ పట్టబోతే మళ్లీ ఏడుపు. వంటింట్లో డబ్బా కదిలిన చప్పుడూ, ఆపైన నీళ్లు మరుగుతున్న చప్పుడూ వినిపించాయి.

"నా బిడ్డ నన్నే వద్దంటోంది," అని తల్లి కూడా ఏడ్చేసింది.

గోరువెచ్చని నీళ్లతో కడిగీ కడిగీ ఆ చేదు వదిలించేసరికి ఇంట్లో అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి పాప తాగింది. మరిగిన నీళ్లు పారబోస్తూ అత్తగారు, ఆదివారం ఎంతో దూరం లేదులే అని గోడకి చెప్పింది.

ఆదివారం వచ్చింది. ఈసారి మందు లేకుండా రానని భార్యకి చెప్పి పందేనికి వెళ్లాడు మొహమాటరావు. జట్టు టీషర్టు అతనికి ఒక కొలత బిగువు. మార్చమని అడగలేదు. దాని మీద "మీరు కాలు కదపక్కర్లేదు" అని కంపెనీ నినాదం అచ్చేసి ఉంది. సగం దూరంలో ఛాతీ మీద మంట మొదలైంది. అంటించుకుందామంటే ప్లాస్టర్లు బకెట్టుకి ఉన్నాయి. అడుగు పడినప్పుడల్లా ఆ గుడ్డ గరిటతో గీకినట్టు గీకింది. తువ్వాలు అంచు ఎందుకు పళ్లమధ్య పెట్టుకుంటారో అతనికి అప్పుడు తెలిసింది. తెలిసి ఏడుపొచ్చింది కూడా. అందరికంటే ఆఖర్న గీత దాటేసరికి నినాదానికి రెండువైపులా రెండు ఎర్రటి చారలు దిగాయి.

మేడం అతన్ని కార్లో ఇంటికి తెచ్చింది. అతనుండేది మూడో అంతస్తు. లిఫ్టు ఆగిపోయి ఉంది. ఆవిడ కోపంగా కంపెనీ నంబరుకి ఫోను చేస్తే, మోగింది మొహమాటరావు జేబులోనే. చేసేది లేక చెయ్యి పట్టి మెట్లెక్కించింది.

తలుపు తీసిన అత్తగారు కొడుకు గుండెల మీద రక్తం చూసి కేక పెట్టింది. లోపల పాలిస్తున్న భార్య పాపతో సహా పరిగెత్తుకొచ్చింది.

"కంగారుపడకమ్మా," అంది మేడం. "పాత పుండ్లే తిరగబెట్టాయి. వారం నుంచీ బాధపడుతున్నారుగా."

భార్య మొగుడి వైపు చూసింది. తెల్లవారుజాముల చెమటా, కుంటుకుంటూ రావడమూ, ప్లాస్టర్లూ అన్నీ ఆమె మొహంలో ఒకదాని పక్కన ఒకటి చేరాయి.

"పుండ్లు ఆయనకి కాదండీ. నాకు," అంది నెమ్మదిగా.

మేడం అతని వైపు తిరిగింది.

"నేను ఇద్దరు పిల్లలకి పాలిచ్చి పెంచానయ్యా. నోరు తెరిచి నిజం చెప్పుంటే ఆ కొట్లోనే ఉపాయం చెప్పేదాన్ని కదా."

మేడం చేతులు కడుక్కుని వచ్చి అతని భార్య పక్కన కూర్చుంది. పాప పొట్ట తల్లి పొట్టకి ఆనేలా తిప్పింది. నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, అప్పుడు బిడ్డని దగ్గరికి తీసుకోమంది. మొన ఒక్కటే అందితే బిడ్డ దాన్ని నమిలేస్తుంది, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి అని చెప్పింది. భార్య అలవాటుగా తువ్వాలు అంచు పళ్లమధ్య పెట్టుకుని కళ్లు మూసుకుంది. పాప గుటకలు వినిపించాయి. కాసేపటికి ఆ అంచు దానంతటదే ఒళ్లోకి జారింది.

"పూర్తిగా పోలేదు గానీ, ఓర్చుకోవచ్చు," అంది ఆమె, నమ్మలేనట్టు. ఆపైన నవ్వింది. ఆ నవ్వు చూసి నెలరోజులవుతోందని మొహమాటరావుకి అప్పుడే గుర్తొచ్చింది.

పాలిచ్చాక తన పాలే రెండు చుక్కలు రాసుకుని గాలికి ఆరనివ్వమనీ, అప్పటికీ మానకపోతే సిగ్గుపడకుండా డాక్టర్నో నర్సునో అడగమనీ చెప్పింది మేడం. సిగ్గుపడకుండా అన్న మాట అతని వైపు చూసి అంది. అత్తగారు డబ్బా తీసి అటక మీద పెట్టేసింది. అంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు, ఒంటికి అంటుకున్న టీషర్టుని రెండు చేతులతో ముందుకు లాగి పట్టుకున్న ఒక్క మనిషి తప్ప.

సోమవారం ఉదయం అతను అదే కొట్టుకి వెళ్లాడు. ఇక జన్మలో మొహమాటపడనని ఒట్టేసుకుని, కొట్టంతా వినపడేలా, చనుమొనల పగుళ్లకి మందు కావాలన్నాడు.

"ఎవరికండీ?"

"నాకే."

కొట్టతను జాలిగా నవ్వాడు. "మొన్నా ఇదే మాటన్నారు. ఇందులో సిగ్గెందుకండీ, ఇంటింటా ఉండేదేగా. ఇంతకీ పాపకి ఎన్నో నెల?"

"ఈ వారంతో నెల నిండుతుందండీ," అన్నాడు మొహమాటరావు.