బెన్ని గొంతు

శనివారం పొద్దున బెన్ని వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ చేసి జగ్గయ్యపేటలో బస్సెక్కాలి, నందిగామలో దిగాలి, మహిమకు తన ఆల్బం వినిపించాలి. చివరి పాట ఒక్కటి మాత్రం ఆమె ఎదుటే సొంత గొంతుతో పాడాలి. అందాకా నోరు మెదపకూడదు. ఆ పాట కోసమే నిన్నటి నుంచి గొంతుకు సెలవిచ్చాడు.

ఇందులో పంతం మహిమది. ఆమె నందిగామలో లెక్కల టీచరు. పెద్దవాళ్ళు సంబంధం మాట్లాడేసుకున్నారు. అబ్బాయిది కరెంటాఫీసు ఉద్యోగం, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, ఇంకేం కావాలని తండ్రి డేవిడ్‌రాజు మురిసిపోతుంటే, ఆమె ఒక్కటే అంది. "ఏవో పాటలు చేస్తన్నాడంటగా నాన్నా. అవి విన్నాకే నా మాట చెబుతా."

ఈ కబురు విన్న దగ్గర్నుంచి బెన్నికి అన్నం సహించడం లేదు. ఎందుకంటే అవి మామూలు పాటలు కావు. మేనమామ థామస్ ఎప్పుడో దుబాయ్ నుంచి తెచ్చిన క్యాసెట్లలో, ఎనభైల నాటి విదేశీ ఎలక్ట్రానిక్ బ్యాండ్లు వాయించిన పద్ధతిలో చేసినవి. తబలా లేదు, ఫ్లూటు లేదు. సింథసైజరూ, డ్రమ్ మెషినూ, అంతే. ఆల్బం పేరు 'తొమ్మిదో నంబరు రోడ్డు'. ఊరి పక్క హైవేకి ప్రభుత్వం నంబరు మార్చినా పేటలో చాలామంది మార్చుకోలేదు, బెన్నీ మార్చుకోలేదు. చిల్లకల్లు టోల్‌గేటు నుంచి పరిటాల ఆంజనేయుడి విగ్రహం దాకా ఒంటరిగా నడిచిపోయే మరమనిషి బాధ అందులోని కథ. పాడింది బెన్నీయే కానీ, గొంతును మరమనిషి గొంతుగా మార్చే యంత్రంలోంచి పాడాడు.

బయల్దేరే ముందు ఆఖరిసారి సరిచూసుకుందామని వెనకగదిలో రెండో పాట పెట్టాడు. వాయిద్యాలన్నీ ఆపేసి ఉత్త గొంతు మాత్రం వింటున్నాడు. "అమ్మా... నా గొంతు... నాది కాదు... ఊపిరి... తీగల్లో... చిక్కింది."

సరిగ్గా అప్పుడే తల్లి ఆరోగ్యమ్మ కాఫీ గ్లాసుతో తలుపు దగ్గరకు వచ్చింది. గ్లాసులో కాఫీ సగం నేల తాగింది. ఆవిడ తలుపు తోసేలోగా బెన్ని పాట ఆపేశాడు.

"ఏందిరా అయ్యా, ఆ గొంతేంది?"

బెన్నికి తన నియమం గుర్తొచ్చింది. నవ్వి, గొంతు వైపు వేలు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. ఇవాళ మాట్లాడనమ్మా అని అతని భావం. ఇక మాట రాదమ్మా అని ఆవిడకు అర్థమైంది.

"ఒక్క ముక్క చెప్పరా నాయనా."

బెన్ని రెండు చేతులూ జోడించి తలుపు వేసుకున్నాడు. ఒక్క మాట అంటే పోయేది. కానీ వెర్రి వెయ్యి విధాలు, కళాకారుడిది అందులో మొదటిది. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, ఆరోగ్యమ్మకు అది పూర్తి అంగీకారమే. లోపల బెన్ని చొక్కా మార్చుకుంటూ, "పరిటాల... ఇంకా... దూరమే" అనే చివరి ముక్క దాకా మళ్ళీ పాట పెట్టాడు. ఈసారి ఆవిడ ఏడుపు దిగమింగుకుని, ఫోను తలుపు సందుకు ఆనించి రికార్డు చేసింది.

వాళ్ళ చర్చి సంఘంలో ఒక మంచి అలవాటుంది. ఎవరికి కష్టమొచ్చినా ప్రార్థన గ్రూపులో పెడితే చాలు, పొయ్యి మీద పాలు పొంగినా సరే, ముందు ఆ మనిషి కోసం ప్రార్థన చేస్తారు. ఆరోగ్యమ్మ రికార్డింగు పెట్టి, "మా బెన్నికి గొంతు పడిపోయింది" అని వెక్కుతూ చెప్పింది. సంఘపెద్ద జ్ఞానయ్య అది విని, 'తీగల్లో చిక్కింది' అంటున్నాడు కనుక ఇది నరాల జబ్బేనని తేల్చాడు. నందిగామ సంఘానికి పంపేటప్పుడు ఆపరేషను పడొచ్చని తన వంతు కలిపాడు. ఆ సంఘంలోనే డేవిడ్‌రాజు ఉన్నాడు.

ఇదేమీ తెలియని బెన్ని వెనక గుమ్మంలోంచి వెళ్ళి బస్సెక్కాడు, అప్పట్నుంచి ఫోను మోగుతూనే ఉంది. అతను కట్ చేయడం, 'మాట్లాడలేను, తర్వాత చెబుతా' అని మెసేజ్ పెట్టడం. దాంతో అనుమానమున్న ఒకరిద్దరికి కూడా నమ్మకం కుదిరింది. పక్క సీట్లో వాళ్ళ పక్కింటి కుటుంబరావు ఉన్నాడు. ఆయన గ్రూపులో లేడు గానీ ఆరోగ్యమ్మ ఏడుపు గోడ దాటి వినిపించింది.

"మాట్లాడకు బాబూ, అస్సలు శ్రమ పడకు" అంటూ జేబులోంచి మిరియాలు తీసి పెట్టాడు. "నములు. అన్నీ సర్దుకుంటాయి."

కళంటే ఈయనకెంత గౌరవమో అనుకుని బెన్ని కళ్ళు చెమర్చాయి. అవి మిరియాల వల్ల అనుకున్నాడు కుటుంబరావు. వాళ్ళ బస్సు టోల్‌గేటు దగ్గర ఆగి ఉండగా, జ్ఞానయ్య కారు ఆరోగ్యమ్మను ఎక్కించుకుని దాటిపోయింది.

నందిగామలో డేవిడ్‌రాజు గుమ్మం ముందు పెళ్ళికి వచ్చినన్ని చెప్పులున్నాయి. ఆల్బం వినడానికి ఇంతమందా అని బెన్ని ఛాతీ పొంగింది. లోపలికి అడుగుపెట్టగానే జ్ఞానయ్య అతని గొంతు మీద చెయ్యేసి కళ్ళు మూసుకున్నాడు. మూలన తల్లి కొంగుతో ముఖం కప్పుకుని కూర్చుని ఉంది.

ప్రార్థన సాగుతుండగానే డేవిడ్‌రాజు అతని చెవిలో మెల్లగా అన్నాడు. "బాబూ, తప్పుగా అనుకోవద్దు. నువ్వంటే నాకు ప్రాణం. కానీ ఆడపిల్ల జీవితం గదా. ఈ సంబంధం సంగతి కొన్నాళ్ళు ఆపుదాం."

ఆ దెబ్బతో బెన్ని నియమం గంగలో కలిసింది. "అయ్యో, నాకేం కాలేదండి. నేను బానే ఉన్నా" అన్నాడు గట్టిగా.

 ఇంట్లో అందరూ ఒక్క గొంతుతో "స్తోత్రం" అన్నారు. ఆరోగ్యమ్మ పరుగున వచ్చి కొడుకును కావలించుకుంది.

"అది జబ్బు కాదండి, పాట. కావాలంటే వినండి" అని బెన్ని టీవీ పక్కనున్న స్పీకర్లకు ఫోను కలిపాడు. "నా గొంతు... నాది కాదు..." అని వచ్చింది.

"మళ్ళీ తిరగబెట్టింది" అని కేక వేసి జ్ఞానయ్య స్పీకర్ల వైరు పీకేశాడు. "ఒరే అబ్బాయ్, దేవుడు బాగుచేశాడు. ఇక ఆ పెట్టె జోలికి పోబాకు. రేపు చర్చిలో సాక్ష్యం చెప్పు, చాలు."

బెన్ని నీరుగారిపోయి కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు వంటగదిలోంచి టీ గ్లాసుల పళ్ళెంతో మహిమ వచ్చింది.

"పొద్దున నాన్న ఫోన్లోనే విన్నానండి" అంది. "అది పాట అని నాకు అప్పుడే తెలిసింది."

"మరి వీళ్ళకు చెప్పలేదే?"

"చెప్పా. మీ మీద ఆశ చంపుకోలేక అంటన్నాననుకుని నాన్న కళ్ళు తుడుచుకున్నారు. అప్పట్నుంచీ పొయ్యి దగ్గర అదే పాడుకుంటన్నా. ఆ మరమనిషి పాపం పరిటాల చేరాడా లేదా?"

రెండేళ్ళుగా బెన్ని ఎదురుచూసిన ప్రశ్న అది. ఆ ఒక్క ప్రశ్నకు అతని ప్రాణం లేచొచ్చింది. "చేరాడు. అది చివరి పాట. అందులో మనిషైపోతాడు. అందుకే సొంత గొంతుతో పాడాలి" అంటూ లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, దాచిపెట్టుకున్న గొంతంతా పోసి పాడాడు. ఆరోగ్యమ్మ ఏడ్చింది. జ్ఞానయ్య చేతులెత్తి స్తుతించాడు. డేవిడ్‌రాజు అక్కడికక్కడే నిశ్చితార్థానికి మాట ఇచ్చేశాడు.

మహిమ పాట అయ్యేదాకా మర్యాదగా నిలబడింది. తర్వాత టీ అందిస్తూ, అతనికి మాత్రమే వినిపించేలా అంది. "పెళ్ళి నాకు ఇష్టమేనండి. కాకపోతే ఈ పాట కూడా ఆ మరమనిషి పెట్టెలోంచే పాడండి."

బెన్ని గొంతు బాగుపడినందుకు రెండు ఊళ్ళూ సంతోషించాయి, మహిమ ఒక్కతే సర్దుకుపోయింది.