మూడో సీసా

ఆ రోజు పని చాలా చిన్నది. తెల్లారేసరికి వాగు దగ్గరుండాలి, ఐదు చోట్ల ఐదు సీసాల నీళ్ళు పట్టాలి, తొమ్మిదింటికల్లా ఆఫీసులో అప్పజెప్పాలి. ఇందులో పొరపాటు జరగడానికి చోటెక్కడుందో వెతికినా కనబడదు. అందుకేనేమో, అది ఇంట్లోనే జరిగిపోయింది.

అతన్ని ఆఫీసులో అందరూ సీజన్ అంటారు. జలజీవుల సర్వే విభాగంలో ఏటా ఎండలు ముదిరేముందు చేర్చుకుని, వానలు పడగానే ఇంటికి పంపేసే టెక్నీషియను అతను. ఎలాగూ ఆర్నెల్లలో వెళ్ళిపోతాడు కదా అని మొదటి ఏడాది ఎవరూ పేరు నేర్చుకోలేదు. ఆరో ఏడు వచ్చేసరికి అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది. అక్క ఇంట్లో ముందుగది అతనిది. సర్వే లేని ఆర్నెల్లూ బావగారి కళ్ళద్దాల దుకాణంలో ఫ్రేములు తుడుస్తాడు. ఈ ఏడు మాత్రం విభాగానికి ఒక పర్మనెంటు పోస్టు వచ్చింది. "ఈ సర్వే ఒక్క తప్పు లేకుండా ముగించు, నీ పేరే పంపిస్తాను" అని విభాగం చూసే మేడమ్ మాటిచ్చింది. పేరేమిటని అడక్కుండా మాటివ్వడం ఒక్కటే అతనికి కాస్త దిగులు పుట్టించింది.

ఒక్క చేపను కూడా పట్టకుండా వాగులో ఏ చేపలున్నాయో చెప్పే సర్వే అది. నీళ్ళలో తిరిగే ప్రతి జీవీ తన ఒంటి జిగురో, పొలుసు ముక్కో, మలమో వదులుతూనే ఉంటుంది; మామూలుగా కడిగితే ఆ ఆనవాలు పోదు. సీసాలో పట్టిన నీళ్ళను సన్నని కాగితం గుండా వడగట్టి ఆ కాగితాన్ని ల్యాబుకి పంపితే, అటుగా వెళ్ళిన వాళ్ళందరి జాబితా వాళ్ళు పంపిస్తారు. కాబట్టి సీసా పసిపిల్లల పాలసీసా కన్నా శుభ్రంగా ఉండాలి, ఆఫీసు గది నుంచి నేరుగా వాగుకే వెళ్ళాలి. ఆ గది తాళం తొమ్మిదింటికి గాని తీయరు. నీళ్ళేమో ఎవరూ దిగి కలచకముందే పట్టాలి. అందుకని సీజన్ ఆరేళ్ళుగా ముందురోజు సాయంత్రమే సీసాల పెట్టె ఇంటికి తెచ్చుకుంటున్నాడు. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. తెలిసినట్టు ఎవరూ కనబడరు.

బావ మంచివాడు. ఆయనకున్న బలహీనత ఒక్కటే, గాజు మీద మరక చూస్తే ఊరుకోలేడు. దారిన పోయేవాళ్ళ కళ్ళజోళ్ళు కూడా తీయించి తుడిచిన మనిషి. ఆయన పెంచే చేపల గాజుతొట్టెలో ఒక సక్కర్ చేప ఉంది. అద్దానికి నోరు అతికించి పాచి నాకడమే దాని పని. పొద్దస్తమానం కదలకుండా ఒకేచోట కూచుంటుందని దానికి గుమస్తా అని పేరు పెట్టాడు; ఇంట్లో ఇంకే పేరుతోనూ దాన్ని ఎవరూ పిలవరు. తోటి చేపలన్నింటినీ ఒక్కొక్కటిగా సాగనంపి, నాలుగేళ్ళుగా ఆ తొట్టెను గుమస్తా ఒక్కటే ఏలుతోంది. దాని ఎడమ మీసం సగానికి తెగి ఉంటుంది. బావకు పిల్లల్లేరు. ఆ చేపతో మాట్లాడేటప్పుడు ఆయన గొంతు మారిపోతుంది.

ఆ పొద్దున బావ తొట్టెలో నీళ్ళు మారుస్తున్నాడు. చెంబు కోసం చూస్తే కనబడలేదు. పక్కనే పెట్టెలో మూతలు బిగించిన సీసాలు వరసగా ఉన్నాయి. సీజన్ పెరట్లో నడుం దాకా వచ్చే రబ్బరు బూట్లలోకి దిగడానికి తంటాలు పడుతున్నాడు. బావ మూడో సీసా తీసుకుని ఆరేడుసార్లు తొట్టెలో ముంచి పోశాడు. పనయ్యాక మాత్రం దాన్ని శుభ్రంగా కడిగి, కళ్ళద్దాలు తుడిచే మెత్తని గుడ్డతో లోపలా బయటా తుడిచి, వెలుతురుకి పెట్టి చూసుకుని మరీ పెట్టెలో పెట్టాడు. మిగతా నాలుగింటి కన్నా అదే తళతళలాడుతోందని లోలోపల గర్వపడ్డాడు కూడా.

రెండు వారాలకు ల్యాబు నుంచి రిపోర్టు వచ్చింది. మేడమ్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని సీజన్ బల్ల దగ్గరికి వచ్చింది.

"మూడో పాయింటులో సక్కర్ చేప ఉందట" అంది. "తెలుసా నీకు, అది గట్లు తవ్వేస్తుంది, మిగతా చేపల గుడ్లు తినేస్తుంది. ఈ వాగులో ఇదే మొదటిసారి. నువ్వు పట్టిన సీసాలోనే దొరికింది."

"ఎక్కువుందాండీ?"

"ఎక్కువా? ల్యాబువాళ్ళు ఒకటికి రెండుసార్లు చేసి చూశారట. సీసా నిండా అదేనంట."

పెద్దాఫీసరుకి ఫోను చేస్తూ మేడమ్ మొదటిసారిగా "మా టెక్నీషియను" అంది. సీజన్ ఆ మాటను ఇంటిదాకా మోసుకెళ్ళాడు. పోస్టు చేతికొచ్చినంత సంబరంగా ఉంది.

"ఆ దొరికిన చేప ఎలా ఉంటుందిరా?" భోజనం వడ్డిస్తూ అడిగింది అక్క.

"నల్లగా, ఒళ్ళంతా పెంకులు పెంకులుగా ఉంటుంది. నోరు కింద ఉంటుంది. దేనికైనా అతుక్కుపోయి..."

ముగ్గురూ తొట్టె వైపు చూశారు. గుమస్తా అద్దానికి అతుక్కుని వాళ్ళ వైపే చూస్తోంది.

"బావా," అన్నాడు సీజన్ నెమ్మదిగా, "నా సీసాలు గానీ ముట్టుకున్నారా?"

"ఒక్కటే" అన్నాడు బావ. "మళ్ళీ బాగా తుడిచి పెట్టాను కదా."

అక్క గరిటె కింద పెట్టేసింది. సీజన్ లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే సీసాలు ఇంటికి తెచ్చిన తప్పు బయటపడుతుంది, పోస్టు పోతుంది. చెప్పకపోతే లేని చేప కోసం ఆఫీసంతా వాగులో దిగుతుంది. రేపు పొద్దున్నే చెప్పేస్తానన్నాడు. ఆ మాట అన్నందుకు అక్క ఇంకో ముద్ద ఎక్కువ పెట్టింది.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళేసరికి వాగు పొడుగునా బోర్డులు పాతేశారు. "మేడమ్, ఆ మూడో సీసా గురించి..." అని నీళ్ళు నమిలేలోపు ఆమె అతని చేతిలో వలల జాబితా పెట్టింది. సాయంత్రం మళ్ళీ ప్రయత్నించాడు. అప్పటికి పంపుహౌసు ఆపరేటరు వచ్చి, ఆ చేపను తన కళ్ళతో చూశానని, మోచేయంత ఉందని వాంగ్మూలం ఇచ్చి వెళ్ళాడు. రెండో రోజుకి దాని పొడవు భుజం దాకా వచ్చింది. మూడో రోజు ఒకావిడ, అది తన బట్టలసబ్బు మింగేసిందని కాగితం మీద రాసిచ్చింది. సీజన్ ఆ కాగితాలన్నీ తారీకుల వారీగా ఫైలు చేశాడు. లేని చేపకు అంత పెద్ద ఫైలు ఆ ఆఫీసులో అంతవరకూ లేదు.

వారం గడిచినా వలల్లో ఏమీ పడలేదు. మేడమ్ మొహం వాడింది. "వాగులోకి ఊరికే రాదు కదా, ఎవరో ఇంట్లో పెంచి వదిలి ఉంటారు" అని, సోమవారం నుంచి వాగు పక్క వీధుల్లో ఇంటింటికీ వెళ్ళి తొట్టెలు తనిఖీ చేయాలని ఉత్తర్వు రాసింది. పంపకాల్లో సీజన్‌కి వాళ్ళ వీధే ఇచ్చింది. "నీకైతే అందరూ తెలుసు కదా" అంది.

ఆ సాయంత్రం అతను ఈ కబురు చెప్పేసరికి బావ తింటున్నవాడల్లా చెయ్యి ఆపేశాడు.

"వాగులో చేప దొరక్కపోతే ఏమవుతుంది?"

"రిపోర్టు తప్పని తేలుతుంది. సీసా ఎక్కడ పాడైందని అడుగుతారు. ఇంక నా పోస్టు మర్చిపోవడమే."

"దొరికితే?"

"ఎలా దొరుకుతుంది బావా, ఉంటే కదా."

బావ లేచాడు. చెయ్యి కడుక్కుని తొట్టె ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు కూచున్నాడు.

ఆదివారం పొద్దున వలలు చూడటానికి పెద్దాఫీసరు స్వయంగా వస్తున్నాడు. ఆయన వచ్చేలోపే చెప్పేయాలని సీజన్ గుండె రాయి చేసుకున్నాడు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు తొట్టె మీద దుప్పటి కప్పి ఉంది. బావ అప్పటికే ఎక్కడికో వెళ్ళాడు. ఆయన ఏడుస్తాడేమో అని అక్క మెల్లగా అంది. ఎందుకో అడిగేంత తీరిక అతనికి లేకపోయింది.

మూడో పాయింటు దగ్గర గట్టు మీద జనం బాగానే ఉన్నారు. సీజన్ మేడమ్‌ను పక్కకి పిలిచి, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాడు. సీసాలు ఇంటికి తీసుకెళ్ళడం, బావ, తొట్టె, మెత్తని గుడ్డ, అన్నీ.

"కాబట్టి ఈ వాగులో ఆ చేప లేదండి. ఎప్పుడూ లేదు. తప్పు నాదే" అని ముగించాడు. ఒళ్ళు తేలికపడింది. పోస్టు పోయినట్టే అనుకున్నాడు, అయినా తేలికగానే ఉంది.

మేడమ్ నోరు తెరిచేలోపు నీళ్ళలో ఉన్నవాళ్ళు వల ఎత్తారు. వల అడుగున నల్లగా, పెంకులు పెంకులుగా, నోరు కిందికి పెట్టుకుని ఒక సక్కర్ చేప ఉంది. గట్టు మీద జనం చప్పట్లు కొట్టారు. "మోచేయంత లేదే" అని పంపుహౌసు ఆపరేటరు ఒక్కడే నిరాశపడ్డాడు.

సీజన్ దగ్గరికి వెళ్ళి చూశాడు. దాని ఎడమ మీసం సగానికి తెగి ఉంది. అతను తలెత్తి జనంలోకి చూశాడు. వెనక వరసలో బావ, మోకాళ్ళ దాకా తడిసిన ప్యాంటుతో, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"బావా, ఏం చేశారు మీరు?"

"రిపోర్టులో ఉన్న చేప వాగులో లేకపోతేనే కదా అబద్ధం" అన్నాడు బావ గొంతు తగ్గించి. "ఇప్పుడుంది. నీ మాట నిజమైంది."

"ఈ చేప వాగులోకి రాకూడదనే కదా ఇంతమంది ఇక్కడున్నది."

"అది నాకు తట్టలేదు" అన్నాడు బావ. "నీ పోస్టే తట్టింది."

సీజన్‌కి కోపం రావాలి. రాలేదు. కళ్ళు చెమర్చాయి, ఆ చెమ్మలోంచి బావ కూడా మసకగా కనబడ్డాడు. ఆ మనిషి నాలుగేళ్ళు కళ్ళలో పెట్టుకుని సాకినదాన్ని తెల్లారకుండా తెచ్చి నీళ్ళలో వదిలింది తన కోసమే.

మేడమ్ అంతా వింది. వల వైపు ఒకసారి, అటుగా వస్తున్న పెద్దాఫీసరు వైపు ఒకసారి చూసింది.

"రిపోర్టు ఏమంటోంది? మూడో పాయింటులో చేప ఉందని" అంది. "చేప ఎక్కడుంది? మూడో పాయింటులో. రిపోర్టు తప్పు కాదు, కాస్త ముందుగా వచ్చింది, అంతే. సీసాలు మాత్రం ఇంకెప్పుడూ ఇంటికి తీసుకెళ్ళకు."

"అలాగేనండి."

"అయితే వదిలినవాడెవడో కనుక్కున్నది కూడా నువ్వే కదా. అది దాచడానికి లేదు."

సీసా సంగతి తప్ప మేడమ్ చెప్పినవన్నీ పెద్దాఫీసరు విని, చేపను పట్టిన రోజే దాని యజమానిని కూడా పట్టిన టెక్నీషియను తన సర్వీసులో ఇంకొకడు లేడన్నాడు. సొంత బావ అని తెలిసీ చెప్పాడంటే అలాంటివాడు ఇలాంటి విభాగంలో ఉండాల్సిందే అన్నాడు. అక్కడికక్కడే కాగితం తీసి, "నీ పేరేమిటోయ్?" అని అడిగాడు. ఆరేళ్ళలో మొదటిసారి ఒకరు అడిగేసరికి సీజన్‌కి చప్పున గుర్తు రాలేదు. గుమస్తాను గాజు తొట్టెలో పెట్టి ఆఫీసు గదికి చేర్చారు. దాన్ని చూసుకోవడానికి ఆదివారాలు రావచ్చని మేడమ్ బావకు అనుమతి రాసిచ్చింది.

పది రోజులకు పర్మనెంటు ఉత్తర్వు చేతికొచ్చింది. దాంతోపాటే మొదటి డ్యూటీ కూడా వచ్చింది, వాగులో పెంపుడు చేపను వదిలిన వ్యక్తికి నోటీసు అందజేసి సంతకం తీసుకోవడం. సీజన్ యూనిఫారం వేసుకుని, బూట్లు విప్పకుండా, గుమ్మం బయటే నిలబడి తలుపు కొట్టాడు. బావ వచ్చి నోటీసు మొదటి నుంచి చివరి దాకా చదివాడు. దాని మీద పడ్డ వేలిముద్రను గుడ్డతో తుడిచాడు.

"సంతకం ఎక్కడ పెట్టమంటారండీ?" అని అడిగాడు.

చూపించిన చోట పెట్టాడు. నకలు మడిచి జేబులో పెట్టుకుని, "వెళ్ళొస్తానండి" అన్నాడు సీజన్. బావ గేటు దాకా వచ్చి మర్యాదగా సాగనంపి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. అప్పుడు గాని సీజన్‌కి తన గది ఆ తలుపు లోపలే ఉందన్న సంగతి తట్టలేదు.