దుమ్ము గదిలో తుమ్మని మనిషి

ఆఫీసు సజావుగా నడవాలంటే రెండే రెండు కావాలి. రికార్డు గదిలో దండిగా దుమ్ము, ఆ దుమ్ముకు తుమ్మే రికార్డు కీపరు. చక్కగా సాగుతున్న ఈ కాపురాన్ని చెడగొట్టిన పాపం యాంటీహిస్టమిన్ అనే చిన్న మాత్రది. నవ్వకండి! జరిగింది విన్నాక మీరే ఆ మాత్రను తిట్టిపోస్తారు.

ఆవిడ తొమ్మిదేళ్లుగా ఆ ఆఫీసు బేస్‌మెంట్‌లో రికార్డు కీపరు. అందరూ తుమ్ముల మేడమ్ అనేవారు, ఎదురుగానే. వెనక గోడంతా చెమ్మ, చెమ్మ మీద బూజు. మొదటి వరసలో ఫైలు లాగితే మూడు తుమ్ములు. రెండో వరసకు వెళ్తే ముక్కూ కళ్లూ ధారలు. మూడో వరస దాటి ఆవిడ ఏనాడూ వెళ్లలేదు. వెళ్లి ఏం చేస్తుంది? కళ్లు కనపడితే కదా!

ఎంత ప్రశాంతమైన ఏర్పాటో చూడండి. వెనక వరసల్లో ఏముందో ఎవరికీ తెలియదు. తెలియనిదాని గురించి ఎవరూ అడగరు. ఇంతకన్నా సుపరిపాలన ఇంకెక్కడైనా ఉందా?

ఆవిడ మాత్రం గోడ బాగుచేయించమని అర్జీల మీద అర్జీలు పెట్టింది. ఐదో అర్జీకి మేనేజరు కరిగిపోయాడు.

"గోడ సంగతి తర్వాత చూద్దాం లేమ్మా. ముందా తుమ్ములకేదైనా మాత్ర వేసుకోండి. పైదాకా వినపడుతోంది."

పాపం, తన మంచికే అనుకుని ఇచ్చిన సలహా అది!

మొదట వేసుకున్న మాత్ర భేషుగ్గా పనిచేసింది. తుమ్ములు ఆగాయి. వాటితోపాటు ఆవిడా ఆగిపోయింది. పదకొండింటికల్లా రిజిస్టరు మీద తల వాల్చి నిద్ర! ఆ ఆఫీసు చరిత్రలో అదే స్వర్ణయుగం. తుమ్ముల్లేవు, అర్జీల్లేవు. మేనేజరు ఒకసారి కిందికి దిగొచ్చి, ఆవిడ నిద్ర చెడకుండా లైటు కూడా ఆర్పి వెళ్లాడు.

కానీ మందుల షాపు నడిపే ఆడపడుచు ఊరుకుంటేనా?

"ఇదా నువ్వు వేసుకునేది? ఇది పాతరకం వదినా. మెదడులోకి కూడా పోతుంది, అందుకే ఆ మత్తు. పద, డాక్టరుకు చూపించి కొత్తరకం రాయించుకుందాం."

"అసలిది చేసేదేమిటి? దుమ్మును చంపేస్తుందా?"

"దుమ్ముకేం కాదు. అది ముక్కులోకి పోగానే నీ ఒళ్లు, ఎవరో శత్రువు వచ్చాడనుకుని హిస్టమిన్ అనే రసాయనాన్ని వదుల్తుంది. దానికి ముక్కులో, కళ్లలో సీట్లుంటాయి. అది కూర్చుందా, తుమ్ములూ దురదా మొదలు. మాత్ర ముందే పోయి ఆ సీట్లలో కూర్చుంటుంది. హిస్టమిన్ వచ్చినా చోటుండదు, అంతే."

"అంటే గోడ తడి గోడకే ఉంటుందన్నమాట."

"గోడకు పనికొచ్చే మాత్ర మా షాపులో లేదు వదినా."

కొత్తమాత్ర మొదలుపెట్టిన నాలుగో రోజు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆవిడ మొదటిసారి నాలుగో వరసలో అడుగుపెట్టింది. తుమ్ము రాలేదు. నిద్రా రాలేదు. అదే కొంప ముంచింది! పొడి ముక్కు, తెరిచిన కళ్లు ఒకేసారి ఇస్తే మనిషి ఏం చేస్తాడు? చదువుతాడు. ఆవిడా చదివింది.

చిట్టచివరి అరలో, గోడకు ఆనుకుని, ఆ గోడ ఫైలే ఉంది. దాని ప్రకారం గోడకు ఇప్పటికి మూడుసార్లు మరమ్మతు జరిగింది. మూడుసార్లూ "పని తృప్తికరంగా పూర్తయినది" అని మేనేజరు సంతకం. మూడో సంతకం గోడ నీరు తగిలి కాస్త అలుక్కుపోయింది.

ఆవిడ ఆ మూడు కాగితాలూ మళ్లీ మొదటినుంచి చదివింది. తొమ్మిదేళ్లూ ఇంట్లో వాళ్లతో "నా ఒంటితత్వమే అంత" అని సర్దిచెప్పుకుంది మరి.

ఫైలు పట్టుకుని తిన్నగా పైకెక్కింది. ఆ రోజే తనిఖీకి వచ్చిన పై అధికారులు హాల్లో కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు నిలబడి, ఒక్క తుమ్మూ తుమ్మకుండా, మూడు కాగితాలూ చదివి వినిపించింది.

మేనేజరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మేడమ్, ఆ మాత్రలు రోజూ మంచివి కావేమో. కొన్నాళ్లు మానేసి చూడండి!"

"మానేస్తాను సార్, గోడ ఆరాక."

చూశారా, మాత్ర ఎంత పని చేసిందో! గోడ నిజంగానే బాగుపడింది. మేనేజరుకు ఎంత కఠినమైన శిక్ష పడిందంటే, ఇంకో ఆఫీసుకు బదిలీ చేశారు. అక్కడ అడుగుపెట్టగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇక్కడి రికార్డు కీపరుకు అలర్జీ ఉందా?" అని.

ఉందట. హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.