చిల్లర కరువుకు జేజేలు

చిల్లర దొరక్కపోవడాన్ని మించిన వరం మా హరారేకి ఇంకొకటి లేదు! నవ్వకండి. ఎంబారే మార్కెట్‌లో నలభై ఏళ్ళుగా టమాటాలు అమ్ముతున్నదాన్ని, ఊరికే అనను.

మా దగ్గర చెలామణీ అంతా అమెరికా డాలర్లలోనే; వ్యాన్ టికెట్ అర డాలరు. అర డాలరు నాణెం ఎవరి దగ్గరుంది? అందుకని కండక్టర్ ఫుంగై, డాలరిచ్చిన ఇద్దరిని జతకట్టి, ఇద్దరికీ కలిపి ఒకే డాలరు నోటు తిరిగిస్తాడు. "దిగాక మీరూ మీరూ తేల్చుకోండి!" అంటాడు. ఇక ఆ ఇద్దరూ నోటు విడిపించుకోవడానికి మార్కెట్ అంతా జంటగా తిరగాల్సిందే. అలా తిరిగి తిరిగి పెళ్ళాడినవాళ్ళు నాకే మూడు జంటలు తెలుసు. ఏ ప్రభుత్వం కుదిర్చింది ఇన్ని సంబంధాలు?

కొట్లోనేమో చిల్లరకు బదులు పెన్నులిస్తారు. మా ఇంట్లో రాయడం వచ్చినవాళ్ళు ఇద్దరు, పెన్నులు పందొమ్మిది!

ఇక డాలరుకు బదులు వాడమని ప్రభుత్వం అచ్చేసిన మన కొత్త నోటు సంగతి. ఆర్థికవేత్త డాక్టర్ న్యాముంగ గారు గురువారం గురువారం రేడియోలో సెలవిస్తారు: "ద్రవ్య విధానం గట్టిగా ఉంది. స్థిరత్వం వచ్చేసింది. డబ్బంటే నమ్మకం. మన నోటును నమ్మండి."

ఎంత చల్లని గొంతని! నమ్మాను. నా శవపేటిక కోసం టీ డబ్బాలో దాచుకున్న అరవై డాలర్లూ కొత్త నోట్లలోకి మార్చేశాను. ఆరు నెలలు తిరగలేదు, వడ్రంగి ఆ నోట్లు చూసి తల గోక్కున్నాడు. "అంబుయా, వీటికి పెట్టె రాదు. పిడులొస్తాయి, ఇమ్మంటావా?" ఊరందరికీ నేను అంబుయానే, అమ్మమ్మనన్నమాట.

ఇదీ వరమే! పెట్టె లేకుండా ఎవరైనా చస్తారా? నా ఆయుష్షు పెరిగింది!

మొన్న మంగళవారం, పెట్రోలు దొరక్క కారు ఇంట్లో వదిలేసి, కోటేసుకున్న పెద్దమనిషి ఒకాయన మా వ్యాన్ ఎక్కాడు. ఫుంగై ఆయన్ని నాకు జతకట్టి, నోటు నా చేతిలో పెట్టాడు.

దిగగానే, "అంబుయా, నా సగం ఇప్పించండి" అన్నాడాయన.

ఆ గొంతు! గురువారం గొంతే!

నడుము గుడ్డ ముడి విప్పి కొత్త నోట్ల కట్ట తీశాను. "తీసుకో నాయనా. ఇవాళ్టి రేటు కంటే రెండెక్కువే ఇస్తున్నా."

పాము కనబడ్డట్టు వెనక్కి జరిగాడు. "అబ్బే, ఆ కాగితాలు నాకెందుకు? డాలరే ఇప్పించండి."

"అదేంటి డాక్టరుగారూ, నమ్మకం కారులో మర్చిపోయొచ్చారా?"

వ్యాన్ తలుపు పట్టుకుని ఫుంగై ఒకటే నవ్వు. టమాటాల వరసంతా ఇటు తిరిగింది. డాక్టరుగారు తన సగం నాకే వదిలేసి, కోటు దులుపుకుని చక్కాపోయారు.

ఆ డాలరు టీ డబ్బాలో వేశాను. పెట్టెకి ఇంకా యాభై తొమ్మిది తక్కువ.

అందుకే దేవుడికి రోజూ మొక్కుతున్నాను, పెట్రోలు కూడా ఇలాగే కరువై ఉండాలని. ఇలాంటి పెద్దమనుషులు ఇంకా చాలామంది కార్లలోనే తిరుగుతున్నారు!