పదకొండు గంటలు

బస్సు డిపోలో టైమ్‌కీపర్‌గా చేస్తున్న ఆయన ఆ ఉదయం సెలవు పెట్టాడు. దూరదేశంలో ఉన్న చెల్లెలింటినుంచి తల్లి మొదటిసారి ఒంటరిగా విమానంలో వస్తోంది. ఆవిడకు బోర్డులు చదవడం రాదు. దిగేసరికి గేటు దగ్గర మనవాళ్ళు లేకపోతే బెంబేలెత్తిపోతుంది. ముందురోజు ఫోనులో చెల్లెలు, "ఇక్కడ పొద్దున ఏడింటికి ఎక్కిస్తాను అన్నయ్యా. పదకొండు గంటలు" అంది. ఆయన క్యాలెండరు మీద పదకొండు అంకె వేసి, చుట్టూ సున్నా చుట్టాడు.

చంకలో పాపతో భార్య ఆ అంకెను అనుమానంగా చూసింది. "ఏవండీ, తొమ్మిదివేల కిలోమీటర్లు అన్నారు. ఏడింటికి ఎక్కి పదకొండింటికే ఎలా దిగుతారు?"

"అది బస్సు కాదే, విమానం. దారిలో స్టాపులుండవు" అని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయాడు.

పదకొండైంది. పన్నెండైంది. తల్లి రాలేదు, చెల్లెలు ఫోను ఎత్తలేదు. బాబాయికి ఫోను చేసి విమానం ఇంకా రాలేదన్నాడు. బాబాయి మేనత్తతో విమానం జాడ తెలియడం లేదన్నాడు. మేనత్త ఏమందో గానీ, ఒంటిగంటకల్లా ఇంటినిండా జనం. ఒకావిడ భార్య చెయ్యి పట్టుకుని అత్తగారిలోని మంచితనం గురించి ఎత్తుకుంది. ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదలు. అత్తయ్యకేమీ కాలేదని భార్య ఎంత చెబితే వాళ్ళు అంత జాలిపడ్డారు.

అక్కడ విమానాశ్రయంలో ఆయన ఎట్టకేలకు కౌంటరులోని అమ్మాయిని అడిగాడు. పదకొండు గంటలన్నది దిగే వేళ కాదు, ప్రయాణానికి పట్టే సమయమని ఆమె చెప్పింది. ఆయనకు లెక్క ఇట్టే తేలిపోయింది. ఏడుకి పదకొండు కలిపితే సాయంత్రం ఆరు. విమానం ఎక్కిన దేశంలో గడియారం ఇక్కడికంటే నాలుగు గంటలు ముందుంటుందని ఆ అమ్మాయి చెప్పబోయేలోపే థాంక్స్ చెప్పి కదిలాడు. ఇంటికి ఫోను చేసి, "ఆరింటికి దిగుతుంది. నేనుండగా మీకెందుకు కంగారు?" అంటుండగానే చార్జింగు అయిపోయింది. అక్కడే మేడమీద మెత్తటి కుర్చీ చూసుకుని కునుకు తీశాడు.

మూడున్నరకు ఇంటి తలుపు చప్పుడైంది. తీస్తే ఎదురుగా అత్తగారు. ఓదార్చడానికి వచ్చినావిడ చేతిలోని కాఫీ కప్పు కిందపెట్టి లేచి నిలబడింది. రెండింటికే దిగిందట, గేటు దగ్గర అరగంట చూసిందట. ఎవరూ కనబడకపోతే చీటీలోని అడ్రసు చూపించి టాక్సీ ఎక్కిందట.

"ఇంతకీ వీడేడమ్మా?"

"మీకోసం పొద్దున్నే వెళ్ళారత్తయ్యా. ఫోను కలవడం లేదు."

అత్తగారి మొహం వాడిపోయింది. "పొద్దుటినుంచీ ఒక్కడే ఉన్నాడా? కొత్తచోటు, బెదిరిపోతాడు. నువ్వు పాపతో ఉండు, నేను తీసుకొస్తా. నాకు దారి తెలుసుగా."

స్నానం చేసి, ఇంత తిని, మళ్ళీ టాక్సీ ఎక్కింది. సరిగ్గా ఆరింటికి, లోపలినుంచి వచ్చేవాళ్ళకేసి కళ్ళప్పగించి నిలబడ్డ కొడుకు భుజం వెనకనుంచి తట్టింది.

ఆయన తిరిగి తల్లిని చూశాడు, చేతిగడియారం చూశాడు, తను చెప్పిన వేళ ఒక్క నిమిషమైనా తప్పలేదన్నాడు.